తొమ్మిది రోజుల బతుకమ్మ, ఇరవై పాలపళ్లు

బతుకమ్మ 9 రోజుల పండుగ. నైవేద్యాలు మాత్రం 8. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఏమీ పెట్టరు. ఎక్కువమంది చెప్పుకునే వరుస పట్టుకుని చూస్తే ఈ ఎనిమిదింటిలో బెల్లం పడేవి నాలుగే: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, వెన్నముద్దలు. మొదటి రోజు నువ్వులు, నూకలు. అయిదో రోజు అట్లు. ఏడో రోజు వేపకాయల్లా చేసి వేయించిన బియ్యప్పిండి. చివరి రోజు పులిహోర, పెరుగన్నం వంటి అయిదు రకాల సద్దులు. మలీద చేసే ఇళ్లు తీపి లెక్కలో ఇంకొకటి కలుపుకోవచ్చు. అంటే సగం రోజులు తీపి లేనివే. పాలమూరు ప్రాంతంలోని కొల్లాపూర్‌లో పిల్లల పళ్లు పుచ్చితే పండుగను తిట్టడం న్యాయం కాదు.

అలాగని బెల్లాన్ని వెనకేసుకు రావడానికీ లేదు. అందులో సుమారు 85 శాతం చక్కెరే. ఇనుము ఉంది, మంచిదంటారు. ఒంటికి ఆ మేలు ఎంతున్నా, పంటి మీది సూక్ష్మజీవులకు బెల్లమైనా పంచదారైనా ఒకటే మేత.

ఎంత తినొచ్చు? విడిగా కలిపే చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించొద్దని, 5 శాతం లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు 1,360 కిలో కేలరీలు కావాలి. అందులో 5 శాతం 68. గ్రాము చక్కెరకు 4 కేలరీల చొప్పున 17 గ్రాములు, అంటే నాలుగు చెంచాలు. సగానికి సగం బెల్లంతో కట్టిన 30 గ్రాముల నువ్వుల ముద్దలో 12, 13 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక్క ముద్దతో ఆ రోజు వాటాలో మూడొంతులు అయిపోయింది. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాములు. వాటా దాటి పైన ఇంకో సగం.

అయితే పంటికి ఎంత తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే పెద్ద లెక్క. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే నోట్లో ఆమ్లం పుడుతుంది. పీహెచ్ 5.5 కిందికి పడితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. ఉమ్మి దాన్ని మళ్లీ సర్దడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నాలుగు చాక్లెట్లు ఒక్కసారి తింటే ఒక అరగంట దెబ్బ. జేబులో పెట్టుకుని గంటకొకటి తింటే నాలుగు అరగంటలు. స్వీడన్‌లోని విపెహోమ్ ఆసుపత్రిలో 1945 తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది ఇదే. భోజనంతో పాటు తిన్న తీపి పెద్దగా చెరచలేదు. మధ్య మధ్యలో నమిలిన, పళ్లకు అంటుకునే టాఫీలు మాత్రం పళ్లను గుల్ల చేశాయి. వాటిని తినిపించింది నో చెప్పలేని మానసిక వికలాంగులకు. ఫలితం పనికొచ్చింది, చేసిన పద్ధతి మాత్రం క్షమించరానిది.

ఇక్కడే మన పండుగ వేళ చూడాలి. ఆడవాళ్లు బతుకమ్మ ఆడి, నీళ్లలో వదిలి ప్రసాదాలు పంచేసరికి చీకటి పడుతుంది. పిల్లలు వెన్నముద్ద నములుతూనే ఇంటికొచ్చి, అమ్మ ఒళ్లోనే నిద్రపోతారు. నిద్రలో ఉమ్మి బాగా తగ్గుతుంది, దవడ పళ్ల గాడుల్లో ఇరుక్కున్న బెల్లం, నువ్వులు తెల్లారేదాకా అక్కడే ఉంటాయి. పాలపళ్లు 20, ఎలాగూ ఊడేవేగా అనుకుంటారు. కానీ ఆరో ఏట వాటి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు కొత్త దవడ పళ్లు మొలుస్తాయి. అవి జన్మంతా ఉండేవి. చాలామంది వాటినీ పాలపళ్లే అనుకుని వదిలేస్తారు.

ప్రసాదం ఆపక్కర్లేదు. ఇంటికి రాగానే నీళ్లతో పుక్కిలించి, పడుకునేముందు పళ్లు తోమిస్తే చాలు. పేస్టులో ఫ్లోరైడ్ 1,000 పీపీఎం ఉండాలి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. తోమాక తెల్లారేదాకా నోట్లో మంచినీళ్లు తప్ప ఇంకేమీ పడకూడదు.

పగటి చిరుతిండికి దసరా కాలంలో పాలమూరులో కొదవేముంది? కొల్లాపూర్ మామిడి ఎండాకాలానిదే, కానీ సీతాఫలాలు సరిగ్గా అప్పుడే వస్తాయి. తీపి ఎక్కువే అయినా, కాయగా తింటే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి లెక్కలోకి రాదు. జామకాయ, ఉడకబెట్టిన పల్లికాయలు, సంక్రాంతికైతే సకినాలు కూడా టాఫీలకంటే నయం. సకినాల్లో చక్కెర లేదు, పిండి మాత్రం పళ్లకు అంటుకుంటుంది, పుక్కిలించాల్సిందే. మామిడి తాండ్ర మాత్రం పండు కింద లెక్క కాదు. అది పంటికి అంటుకునే తీపి.

పండక్కి హైదరాబాద్ నుంచి ఊరికొచ్చే మేనమామలకు, బాబాయిలకు ఒక మనవి: పిల్లల చేతిలో చాక్లెట్ ప్యాకెట్ పెట్టకండి. తప్పదనుకుంటే అన్నం తిన్న వెంటనే ఒకటి ఇచ్చి, మిగతావి వాళ్ల అమ్మ చేతికివ్వండి.