ఆయిల్ చాంబర్ ఎందుకు కారుతుంది?

పాత కారును పది రోజులు ఒకేచోట నిలిపి ఉంచితే దాని కింద నేలమీద నల్లటి మరక పడటం మీలో చాలామంది చూసే ఉంటారు. మెకానిక్ వంగి చూసి "చాంబర్ లీకవుతోంది" అంటాడు. పానా తీసుకుని బోల్టులన్నీ ఇంకో పావు చుట్టు బిగిస్తాడు. లీకు ఆగుతుంది. కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది, ఈసారి ముందుకంటే ఎక్కువగా. బిగించిన కొద్దీ లీకు పెరగడమేమిటి? ఈ పాఠంలో దానికి కారణం తెలుసుకుందాం. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న విషయాలు ఇందుకు చాలు.

ఇంజన్ అడుగున తొట్టిలా ఉండే భాగమే ఆయిల్ పాన్. మన మెకానిక్ షెడ్లలో దీనిని చాంబర్ అంటారు. చిన్న కారులో ఇది మూడు నాలుగు లీటర్ల ఆయిల్‌ను నిలవ ఉంచుతుంది. పంపు ఇక్కడినుంచే ఆయిల్‌ను తోడి, క్రాంక్ షాఫ్ట్ బేరింగులకు, పైన కామ్ షాఫ్ట్‌కు పంపుతుంది. ఆ ఆయిల్ తిరిగి ఈ తొట్టిలోకే జారుతుంది. తొట్టి అంచుకు, ఇంజన్ బ్లాకుకు మధ్య ఒక ప్యాకింగ్, అంటే గాస్కెట్ ఉంటుంది. దాదాపు ఇరవై చిన్న బోల్టులు ఈ రెండింటినీ కలిపి పట్టుకుంటాయి. పాత ఇంజన్లలో ఈ తొట్టిని ఉక్కు రేకును అచ్చులో నొక్కి తయారుచేసేవారు. ప్యాకింగ్ కార్క్‌తో ఉండేది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారు పాత పెట్రోలు ఇంజన్ ఈ రకానిదే. తరువాత వచ్చిన చాలా ఇంజన్లలో పోత అల్యూమినియం తొట్టి, సిలికాన్ సీలెంట్ వచ్చాయి.

చుక్కే కదా అనుకోకూడదు. పది సెకన్లకు ఒక చుక్క కారుతోందనుకుందాం. గంటకు 360 చుక్కలు. ముప్పై చుక్కలు ఒక మిల్లీలీటరు అని లెక్కవేస్తే గంటకు 12 మిల్లీలీటర్లు, రోజుకు దాదాపు 290. నాలుగు రోజుల్లో లీటరు దాటుతుంది. మూడు లీటర్లు పట్టే ఇంజన్‌లో ఒక లీటరు పోయాక, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు జల్లెడకు అందకుండా పోవచ్చు. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం అప్పుడు వెలుగుతుంది. ఆ దీపం చాలా కార్లలో ఆయిల్ మట్టాన్ని చెప్పదు, పీడనం పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి బేరింగుల వద్ద లోహం లోహాన్ని రాయడం మొదలై ఉండవచ్చు. అందువల్ల దీపాన్ని నమ్ముకోవడం కంటే వారానికొకసారి డిప్‌స్టిక్ తీసి చూసుకోవడం మేలు.

ఇప్పుడు బోల్టు సంగతికి వద్దాం. బోల్టు నిజానికి ఒక గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు అది కొద్దిగా సాగుతుంది. తిరిగి కుదించుకోవాలనే ప్రయత్నంలో రెండు భాగాలనూ ఒకదానికొకటి నొక్కి ఉంచుతుంది. ఈ చాంబర్లకు సాధారణంగా వాడేది 6 మిల్లీమీటర్ల బోల్టు. దానిని 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల బలభ్రామకంతో బిగిస్తారు; కార్క్ ప్యాకింగ్ ఉన్నచోట అంతకన్నా తక్కువే. పది న్యూటన్ మీటర్లంటే 20 సెంటీమీటర్ల పానా చివర సుమారు ఐదు కిలోల బరువు వేలాడదీసినంత. మనం పెట్టే శ్రమలో దాదాపు తొంభై శాతం మరల వద్ద, బోల్టు తల కింద ఘర్షణకే పోతుంది. అయినా మిగిలిన భాగం కలిగించే బిగింపు బలం 8,000 న్యూటన్లు దాటుతుంది. ఒక్కొక్క బోల్టు 800 కిలోల బరువంత బలంతో నొక్కుతోందన్నమాట!

ఇంత బలం మిల్లీమీటరున్నర మందం కూడా లేని రేకు మీద, కాసంత మేర పడుతుంది. రేకు వెనక ఉన్నది మెత్తటి కార్క్. అది ఎదురు నిలవదు, నలుగుతూ పోతుంది. చేతికి "ఇంకా బిగుసుకోలేదు" అనిపిస్తుంది. మెకానిక్ ఇంకా తిప్పుతాడు. రేకు స్థితిస్థాపక అవధిని దాటి, బోల్టు రంధ్రం చుట్టూ బ్లాకు వైపు గుబ్బలా లేస్తుంది. ఆ తరువాత బోల్టు వదులు చేసినా ఆ గుబ్బ పోదు. ఫలితంగా బోల్టుల దగ్గర ప్యాకింగ్ నలిగి పగులుతుంది, రెండు బోల్టుల నడుమ ఒత్తిడే ఉండదు. ఆయిల్‌కు దారి దొరికేది అక్కడే. పై ప్రశ్నకు ఇదే జవాబు.

అయితే కింద తడి కనబడగానే చాంబర్‌ను నిందించడం తొందరపాటు. ఆయిల్ పైనుంచి కిందికే కారుతుంది కనుక వాల్వు కవరు లీకైనా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ లీకైనా చుక్క చివరకు చాంబర్ అంచు నుంచే రాలుతుంది. ఇంజన్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అనుమానమున్నచోట టాల్కం పౌడర్ చల్లి, కొంతసేపు నడిపి చూస్తే తడి ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఇంకొక కారణం కంటికి కనబడదు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు కిందికి దిగుతూ ఉంటుంది. దానిని బయటికి లాగే పి.సి.వి. వాల్వు మూసుకుపోతే లోపల పీడనం పెరిగి ఏ సందు దొరికితే అక్కడినుంచి ఆయిల్‌ను నెడుతుంది. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా లాభం ఉండదు.

లోపం చాంబర్‌దే అని తేలాక, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దించాలి. కారును జాకీ ఒక్కదాని మీద ఉంచి కిందికి దూరడం ప్రాణాపాయం. గట్టి స్టాండ్లు తప్పనిసరి. బోల్టులన్నీ తీసినా తొట్టి అంటుకునే ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే అంచు వంగుతుంది, అల్యూమినియం బ్లాకైతే గీత పడుతుంది. రబ్బరు సుత్తితో పక్కలనుంచి తట్టి, పలుచని బ్లేడుతో సీలెంటును కోయాలి.

తీసిన తొట్టి అంచును శుభ్రం చేసి, దానిమీద నిటారైన ఉక్కు స్కేలు అంచు ఆనించి చూడండి. స్కేలు కింద ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ వంపు ఉన్నట్లు. ఫీలర్ గేజ్ దూర్చి ఎంతో కొలవవచ్చు. రేకు తొట్టి అయితే అంచు అడుగు భాగాన్ని దాగలి మీద ఆనించి, ప్యాకింగ్ కూర్చునే వైపు లేచిన గుబ్బలను సుత్తితో మెల్లగా అణచాలి. ఒక్క దెబ్బతో చదును చేయాలని చూస్తే రేకు సాగి వేరొకచోట లేస్తుంది. స్కేలు పెట్టడం, తట్టడం, మళ్లీ స్కేలు పెట్టడం, పని ఇలా సాగాలి.

పోత అల్యూమినియం మీద సుత్తి పనికిరాదు. అది వంగే బదులు పగులుతుంది. స్వల్పమైన వంపును మిల్లింగ్ యంత్రం మీద చదును చేయించవచ్చు. పగులును వెల్డింగ్‌తో పూడ్చవచ్చు గాని, ఆ వేడికి అంచు మళ్లీ మెలిదిరిగే ప్రమాదముంది. కొత్తది దొరికేటప్పుడు వెల్డింగ్ చేసిన తొట్టిని దూరప్రయాణాల కారుకు వేయడం నాకు సమ్మతం కాదు. స్పీడ్ బ్రేకరుకో రాయికో తగిలి అడుగు లోపలికి నొక్కుకుపోయిన తొట్టి విషయంలోనూ జాగ్రత్త అవసరం. చుక్క కారకపోయినా, ఆ సొట్ట పంపు జల్లెడకు ఆనుకుంటే ఆయిల్ పైకి వెళ్లదు.

అల్యూమినియం తొట్టికి సిలికాన్ ఎందుకు వాడతారో చిన్న లెక్కతో తెలుస్తుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న అల్యూమినియం 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. పోత ఇనుప బ్లాకు అందులో సగమే. ఇంజన్ వేడెక్కి చల్లారే ప్రతిసారీ రెండు అంచులూ ఒకదానిపై ఒకటి జరుగుతాయి. ఆ కదలికకు తట్టుకుని సాగేది రబ్బరు గుణమున్న పదార్థమే.

సీలెంటు పూసేముందు రెండు అంచుల మీదా నూనె జిడ్డు ఏమాత్రం ఉండకూడదు. మూడు మిల్లీమీటర్ల మందాన తెగకుండా ఒకే గీత, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా పూయాలి. ఎక్కువ పూస్తే మిగిలినది లోపలికి పొంగి, ముక్కలై జల్లెడను మూసేస్తుంది. బోల్టులను మధ్యనుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. ట్యూబు మీద రాసిన సమయం, చాలావాటికి ఒక రోజు, గడిచాకే ఆయిల్ పోయాలి. గట్టిపడిన సిలికాన్ అతుకును తరువాత మళ్లీ బిగించకూడదు. కార్క్ ప్యాకింగ్ అయితే కొంత నలుగుతుంది కనుక, కొన్నాళ్లు నడిపాక ఒకసారి టార్క్ రెంచితోనే సరిచూడవచ్చు. దించిన పాత ఆయిల్ మన దేశపు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని మురుగుకాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, శుద్ధిచేసే అనుమతి ఉన్నవారికి అప్పగించాలి.