కలివికోడి: నామలక్షణ విచారము

ఒక ప్రాణిని గుర్తించుటకు లక్షణము, నామము అను రెండును సాధనములు. లక్షణము గ్రంథమందును, నామము జనుల నాలుకయందును వేఱువేఱుగ నున్నచో, కన్నుల యెదుట నున్న ప్రాణియు లేనిదిగ నెంచఁబడును. ఇందులకు కలివికోడి చరిత్రము నిదర్శనము.

గిద్దలూరు సీమకు దక్షిణమునఁ గడప మండలమున లంకమల కొండలు గలవు. వాని పాదములయందలి ముండ్లపొదలు ఈ పక్షికి నెలవు. జెర్డన్ అను వైద్యుఁడు దీనిని మొదట సేకరింపఁగా, 1848లో బ్లైత్ శాస్త్రనామ మొసఁగెను. అందలి ‘బైటార్క్వేటస్’ అను లాటిను పదమునకు రెండు కంఠహారములు గలది యని యర్థము. మన పరిభాషలో నిది బహువ్రీహి. 1900 తరువాత ఎనుబదియైదేండ్లు ఇది శాస్త్రజ్ఞులకుఁ గానరాలేదు. నశించినదని పలువురు తలఁచిరి.

బొంబాయి సహజచరిత్ర సంఘమువారు దీని చిత్రములను పల్లెలవారికిఁ జూపి విచారించిరి. 1986 జనవరిలో, సిద్ధవటము ప్రాంతమున, రాత్రివేళ నొక స్థానికుఁడు దీనిని సజీవముగఁ బట్టెను. ఆ సంఘమునకుఁ జెందిన భరత్ భూషణ్ దానిని గుర్తించెను.

దీని గుఱుతులు స్పష్టములు. ఱొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు, వాని నడుమఁ దెలుపు, కంఠమున నారింజవన్నె మచ్చ, కంటిపై వెడల్పైన తెల్లని రేఖ, పెద్ద కన్నులు. తీతువునకు ముఖమున వ్రేలాడు చర్మము గలదు, దీనికి లేదు. దీని జ్ఞాతియగు మఱియొక పక్షి పగలు బయళ్లయందుఁ దిరుగును. దానికి ఱొమ్మున పట్టెలు లేవు. ఇది రాత్రించరము, ఎగురుటకంటె పొదల నడుమఁ బరుగెత్తుటయే దీనికి మిక్కిలి యలవాటు.

జెర్డన్ వ్రాసికొన్న తెలుఁగు పేరు ‘అడవి యుత్తతిత్తి’, అనఁగా అడవియందలి వట్టి సంచి. అది వెదకువానికి దారి చూపదు. కలివిపొదలయందుఁ దిరుగు కోడి కలివికోడి, ఇది మధ్యమపదలోపి. కోడి యనుట నీటికోడి యందువలె సాదృశ్యముచేతనే. లాటిను నామము రూపమును, దేశ్యనామము నెలవును దెల్పుచున్నవి. రెండును గూడిననే గుర్తింపు పూర్ణమగును.

మన నిఘంటువులు పలు పక్షుల పేళ్లకెదుట ‘పక్షివిశేషము’ అని మాత్రము వ్రాసి విరమించినవి. ఆ యొక్క మాట వలన నే పక్షియు గుర్తింపఁబడదు. 1988లో లంకమలయం దభయారణ్య మేర్పడినను, కలివికోడి నేఁటికిని అత్యంతాపాయస్థితిలోనే యున్నది. పొదలు నఱకఁబడినచో పక్షియు, దానిని బిలుచు వృద్ధులు గతించినచో పేరును నశించును. కాఁబట్టి మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పండితులు నల్లమల పల్లెల బాలురచేఁ బక్షినామములను సేకరింపించి, ప్రతి నామమునకును రూపము, నెలవు, కూఁత, కనఁబడు వేళ చేర్చి వ్రాయింపవలెను. అట్టి పట్టికయే నిజమైన నిఘంటువునకుఁ బునాది.