చప్పుడు చేయని వాల్వు

ఏ.ఎస్. రావు నగర్ నుంచి ఈసీఐఎల్ చౌరస్తా దాకా ఏ మెకానిక్ షాపులో అడిగినా, నాలుగేళ్లు దాటిన బండ్ల మీద ఎక్కువగా వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి: ఇంజన్ హెడ్‌లో టకటకమంటోంది, టాపెట్లు బిగించాలి. బిగిస్తారు, చప్పుడు పోతుంది, బండి ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ తృప్తి. ఈ తృప్తికి ఆధారం తక్కువ అని నా వాదన. కొంచెం చప్పుడు చేసే వాల్వు కంటే, అసలు చప్పుడే చేయని వాల్వు వల్లే ఇంజన్ చెడే అవకాశం ఎక్కువ. టాపెట్ సెట్టింగ్ చెవితో తేల్చే పని కాదు, కొలిచి తేల్చే పని. ఈ కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు 1967లో ఈసీఐఎల్ సంస్థను నిలబెట్టింది కొలిచే పరికరాలతో సహా ఎలక్ట్రానిక్స్ మన దేశంలోనే తయారు కావాలని. అలాంటి చోట ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

టాపెట్ల సంగతి చాలా ఇళ్లలో అలవాటు కాకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఇక్కడి వాకిళ్లలో నిలిచినవి చేతక్, మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్, తర్వాత ఆర్‌ఎక్స్ 100. అన్నీ టూ స్ట్రోక్‌లే. వాటిలో సిలిండర్ గోడలోని రంధ్రాలను పిస్టనే మూస్తుంది, తెరుస్తుంది. సర్దడానికి వాల్వులే లేవు. సైలెన్సర్‌లో మసి గీకితే చాలు. 1985లో ఫోర్ స్ట్రోక్ హీరో హోండా సీడీ 100 వచ్చినప్పుడు దాని ప్రకటన పెట్రోలు పోయించి, మూత పెట్టి, మరిచిపొమ్మంది. జనం పెట్రోలుతో పాటు టాపెట్లనూ మరిచిపోయారు. 2000 నుంచి పొగ నిబంధనలు బిగుసుకుని టూ స్ట్రోక్‌లు వెళ్లిపోయాయి. ఇప్పుడు పెట్రోలుతో నడిచే ప్రతి కొత్త బండిలోనూ వాల్వులే.

వాల్వు కాడ కొసకూ, దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్ మరకూ మధ్య చల్లటి ఇంజన్‌లో ఒక సందు వదులుతారు. టాపెట్ సెట్టింగ్ అంటే ఈ సందును సర్దడమే. మామూలు చిన్న బండ్లలో అది 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లు, అంటే దాదాపు తలవెంట్రుక మందం. వానాకాలంలో ఉబ్బే తలుపుకు వడ్రంగి ముందే సందు విడిచినట్టు, వేడికి సాగే లోహానికి విడిచిన చోటది. లెక్క వేసి చూడండి. వాల్వు పొడవు 80 మిల్లీమీటర్లు, సగటున 300 డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. మామూలు ఉక్కయితే 0.29 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని పట్టుకున్న అల్యూమినియం హెడ్ 120 డిగ్రీలే వేడెక్కినా, అల్యూమినియం ఎక్కువ సాగే లోహం కాబట్టి అదే పొడవులో 0.22 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తేడా 0.07. ఆ తేడా పట్టేంత సందు లేకపోతే రాకర్ వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు. ఎగ్జాస్ట్ వాల్వుకు ఇది ప్రాణాంతకం, ఎందుకంటే మండిన వాయువుల మధ్య నిలబడే ఆ పళ్లెం తన వేడిలో ఎక్కువ భాగాన్ని వదిలించుకునేది హెడ్‌లో తాను ఆనే సీటు మీద కూర్చున్నప్పుడే. 6000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. ఒక్కో విడతలో సీటు మీద ఉండేది సెకనులో వెయ్యోవంతులు పదమూడు. ఆ కొంచెం సేపూ సరిగా ఆనకపోతే వేడి దిగదు. ఆనని చోట నుంచి మంట దూసుకుపోతుంది, అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది.

ఈ సందు చుట్టూ అల్లుకున్న పనితనంలో నాకు అన్నిటికంటే నచ్చేది రాకర్‌ను కదిలించే క్యామ్ ఆకారం. క్యామ్ గుండ్రటి వీపు నుంచి ముక్కు వైపు ఒక్కసారిగా లేవదు. మొదట చాలా మెల్లగా, ఒకే వేగంతో పైకి జరిగే చిన్న వాలు ఉంటుంది. దాని ఏకైక పని సందును తినేయడం. రాకర్ మర వాల్వు కాడను ఆ వాలు మీద ఉండగానే మెత్తగా తాకాలి. తాకాకే అసలు ఎత్తుడు మొదలు. దిగేటప్పుడూ అంతే, వాల్వును సీటు మీద పడేయకుండా ఆ వాలు దించుతుంది. కాబట్టి కంపెనీ రాసిన అంకె ఊరికే ఒక వదులు కాదు, ఆ వాలు ఎత్తుకు సరిపడా గీసిన కొలత. సందు మరీ పెరిగితే వాలు అయిపోయాక, క్యామ్ వేగం అందుకున్నాక దెబ్బ తగులుతుంది. మనం వినే టకటక అదే. సందు తగ్గితే వాలు మీదే వాల్వు ముందుగా తెరుచుకుని ఆలస్యంగా మూసుకుంటుంది. అక్కడ దెబ్బ లేదు, కాబట్టి చప్పుడూ లేదు.

అసలు చిక్కు ఇక్కడే. ఇంజన్‌లో అరుగుదల రెండు వైపుల నుంచి వస్తుంది. క్యామ్, రాకర్ అరిగితే సందు పెరుగుతుంది, వినిపిస్తుంది. వాల్వు ముఖం, సీటు అరిగితే వాల్వు హెడ్‌లోకి కొద్దికొద్దిగా కుంగుతుంది, కాడ కొస పైకి వస్తుంది, సందు తగ్గుతుంది, ఏమీ వినిపించదు. చెవికి అందేది ఒక వైపు అరుగుదలే, అదీ తక్కువ హాని చేసేది. రెండోదానికి గుర్తులు వేరేచోట వెతకాలి: రాధిక చౌరస్తా సిగ్నల్ దగ్గర కాగిన బండి స్లోలో ఆగిపోవడం, ఆగింది చల్లారేదాకా స్టార్ట్ కాకపోవడం, కిక్ తేలిగ్గా దిగిపోవడం. చాలామంది దీన్ని కార్బొరేటర్ మీదికో ప్లగ్గు మీదికో నెట్టేస్తారు.

అనుభవమున్న మెకానిక్ చెవిని తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనవచ్చు. లేదు, ఆ చెవి బేరింగునూ టైమింగ్ చెయిన్‌నూ విడదీసి చెప్పగలదు. కానీ లేని శబ్దాన్ని ఏ చెవీ వినలేదు. ఇంకా గట్టి అభ్యంతరం పాత బుల్లెట్ ప్రియులది: పోత ఇనుప సిలిండర్ బుల్లెట్‌కు సందు సున్నా, మరి ఈ సిద్ధాంతం ఏమైనట్టు? నిజమే, అక్కడ కుడివైపు మూత తీసి, పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు అన్నట్టు సెట్ చేస్తారు. కారణం కూడా వేడే. ఆ పొడవాటి సిలిండరూ హెడ్డూ వేడికి పెరిగి రాకర్‌ను పైకి తీసుకుపోతాయి. సందు దానంతటదే పుడుతుంది. కాబట్టి అభ్యంతరం నా మాటనే బలపరుస్తోంది: ఏ ఇంజన్‌కు ఆ ఇంజన్ అంకె, వాడుకలో ఉన్న ఉజ్జాయింపు కాదు. ఇక వదులుగా ఉంటే నష్టమే లేదా అంటే, ఉంది. దెబ్బలకు కాడ కొస చితుకుతుంది, వాల్వు ఎత్తు తగ్గి పికప్ పోతుంది. అయితే ఆ నష్టం చెప్పి వస్తుంది.

కొలవడానికి కావాల్సింది ఫీలర్ గేజ్, చల్లటి ఇంజన్. హోండా మాన్యువళ్లు ఇంజన్ 35 డిగ్రీల లోపు ఉండాలంటాయి. మే నెల మధ్యాహ్నం ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది. రాత్రంతా ఆగిన బండి కూడా ఎండెక్కాక ఆ షరతుకు అందదు. పొద్దున్నే చేయాలి. ఫ్లైవీల్ మీది టీ గుర్తు గీతకు కలిశాక రెండు రాకర్లూ కదులుతున్నాయో లేదో చూడాలి. బిగుసుకుని ఉంటే పిస్టన్ పైకొచ్చింది కంప్రెషన్‌లో కాదు, ఇంకో చుట్టు తిప్పాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు మర కొంచెం తిరుగుతుంది గనక మళ్లీ కొలవాలి.

వాల్వుల తిప్పలు తగ్గించాలని ఇంజనీర్లు చేయని ప్రయత్నం లేదు. 1956లో ఫాబియో టాలియోని డుకాటి రేసు బండికి వాల్వును మూయడానికీ స్ప్రింగుకు బదులు క్యామ్ పెట్టాడు. స్ప్రింగు బెడద తగ్గింది, సర్దాల్సిన సందులు రెట్టింపయ్యాయి. హైడ్రాలిక్ టాపెట్‌లో నూనె నిండిన చిన్న ముషలకం సందును తానే పూడ్చుకుంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ తన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్) బుల్లెట్‌లలో అదే పెట్టింది, పని చక్కగా చేసింది కూడా. కానీ అది నూనె శుభ్రత మీద ఆధారపడుతుంది, బరువు పెంచుతుంది, ఎక్కువ ఆర్‌పీఎంకు ఇష్టపడదు. 2020లో మీటియర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజన్‌లో ఆ కంపెనీయే మళ్లీ మర, లాక్ నట్టు దారి పట్టింది.

కాబట్టి సర్వీసుకు ఇచ్చేటప్పుడు టాపెట్లు బిగించమని కాదు, సర్దకముందు ఎగ్జాస్ట్ సందు ఎంత ఉందో కొలిచి కార్డు మీద రాయమని అడగాలి. సర్దాక 0.10 ఉన్నది తర్వాతి సర్వీసుకు 0.08, మళ్లీ 0.10కి సర్దినా ఆ తర్వాతి సర్వీసుకు 0.06 అయితే సీటు వేగంగా కుంగుతోందని అర్థం. అప్పుడు హెడ్ దించి వాల్వు గ్రైండింగ్ చేయిస్తే సరిపోతుంది; అంచు కాలాక అయితే కొత్త వాల్వు, చాలాసార్లు సీటు పని కూడా.