తెర చుట్టు నల్లని అంచు

చేతిఫోను తెర చుట్టు నుండు నల్లని అంచు వట్టి అలంకారము కాదు. బొమ్మను కూర్చు లక్షలాది చుక్కలను వరుసవరుసగా వెలిగించు తీగెలు దాని క్రిందనే సాగును. పూర్వము ఆ వరుసలను నడుపు చిప్పులను ప్రక్కల నతికించెడివారు; పిమ్మట ఆ పనిచేయు సన్నని ట్రాన్సిస్టర్లను తెర గాజుమీదనే నిర్మింప నేర్చిరి. ప్రక్క అంచులట్లు తగ్గినవి. క్రింది అంచు మాత్రము చిరకాలము మొండికేసినది. నిలువు తీగెలన్నియు నచటనే చిప్పును చేరవలెను గదా! 2017లో వెలువడిన ఐఫోన్ టెన్‌లో గాజునకు మారుగా వంగెడి ప్లాస్టిక్ పొరపై తెరను నిర్మించి, దాని కొసను చాపకొసవలె వెనుకకు మడచిరి. అంచు మాయము కాలేదు, వీపునకు చేరినది. (ఆ సన్నదనమునకు మురిసి కొని, పగులునను భయముతో మందపు తొడుగు తొడుగువారిని మన మెరుగుదుము.)

అట్లని అంచును బొత్తిగా తీసివేయ వీలులేదు. ఓలెడ్ తెరలోని కర్బన పదార్థములకు తేమ గిట్టదు. దాని నడ్డగించు పొరలు వెలుగు చుక్కలను దాటి కొంత సాగవలెను. ఆ మేర మరీ తగ్గినచో తేమ చొచ్చి, అచటి చుక్కలు శాశ్వతముగా ఆరిపోవును.