సారా పోయాక మిగిలే ఆమ్లం

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో కల్తీసారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ సారాలో కలిసింది మిథనాల్. మత్తులో మామూలు సారాకూ దీనికీ తేడా తెలియదు. కొన్ని గంటలు గడిచాక కడుపునొప్పి, ఆయాసం మొదలై చూపు మసకబారినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ ఆలస్యానికి కారణముంది. ఒంట్లో చేరిన మిథనాల్‌ను కాలేయంలోని ఎంజైములు మొదట ఫార్మాల్డిహైడ్‌గా, వెంటనే ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తాయి. కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుపడి కంటినరాన్ని దెబ్బతీసేది ఈ ఆమ్లమే. మిథనాల్‌తో పాటు మామూలు సారాలోని ఇథనాల్ కూడా తాగి ఉంటే ఎంజైము ముందు దాని పనే పడుతుంది, విషం తయారీ ఇంకా వెనక్కి జరుగుతుంది. ఇథనాల్‌నే విరుగుడుగా వాడేది కూడా ఇందుకే. కాబట్టి రక్తంలో ఏం వెతకాలన్నది తాగి ఎన్ని గంటలైందన్న దాన్ని బట్టి ఉంటుంది.

నికరమైన పరీక్ష గ్యాస్ క్రొమటోగ్రఫీ. మూత బిగించిన చిన్న సీసాలో రక్తాన్ని వేడిచేసి, పైన చేరిన ఆవిరిని సన్నటి గొట్టంలోకి పంపుతారు. మిథనాల్, ఇథనాల్ వేర్వేరు సమయాల్లో అవతలికి చేరతాయి. చిక్కల్లా, ఈ యంత్రం పెద్ద ల్యాబుల్లోనే ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు అది అందేది ఎక్కడ?

అక్కడ ఆదుకునేది రక్తంలో కరిగిన పదార్థాల గాఢతను అంచనా వేసే చిన్న లెక్క. సోడియం 140 అయితే రెట్టింపు 280. గ్లూకోజ్ 90ని 18తో భాగిస్తే 5. బ్లడ్ యూరియా 30ని 6తో భాగిస్తే మరో 5. (అమెరికా పుస్తకాల్లో కనిపించే 2.8 యూరియాలోని నైట్రోజన్‌కు వర్తిస్తుంది. మన రిపోర్టుల్లో ఎక్కువగా వచ్చేది మొత్తం యూరియా.) కూడితే 290. ఇప్పుడు సీరాన్ని గడ్డకట్టించి, ఎంత చలికి గడ్డకట్టిందో చూసి అదే గాఢతను కొలిచే ఆస్మోమీటర్ 320 చూపిందనుకోండి. లెక్కకు దొరకని ఆ 30 ఏదో ఆల్కహాల్ వల్ల వచ్చి ఉండవచ్చు. తాగిన ఇథనాల్ వాటా తీసేశాక కూడా తేడా మిగిలితే మిథనాల్‌ను అనుమానించాల్సిందే. ఆవిరి పీడనాన్ని కొలిచే రకం ఆస్మోమీటర్ మాత్రం ఇక్కడ పనికిరాదు. ఆల్కహాల్ ఆవిరైపోయే సరుకు కాబట్టి దానికి దొరకదు.

ఆలస్యంగా వచ్చిన రోగిలో ఈ తేడా మామూలుగానే కనిపించవచ్చు. మిథనాల్ అంతా ఆమ్లమైపోయి ఉంటుంది. ఆల్కహాల్ కనబడలేదని ఇంటికి పంపితే ప్రాణం పోతుంది. అప్పుడు చూడాల్సింది రక్తంలో బైకార్బనేట్ ఎంత పడిపోయిందో, సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బనేట్ తీసేస్తే వచ్చే అంతరం ఎంత పెరిగిందో. రక్తంలో ఫార్మిక్ ఆమ్లం ఉండే రూపమైన ఫార్మేట్‌ను నేరుగా కొలవడానికి ఎంజైము పరీక్షా ఉంది గానీ, అది చేసే ల్యాబులు తక్కువ.

కార్ల కూలెంట్‌లో ఉండే మరో విష ఆల్కహాల్ ఇథిలిన్ గ్లైకాల్‌ది ఇంకో తంటా. దాన్నుంచి పుట్టే గ్లైకోలిక్ ఆమ్లాన్ని కొన్ని రక్తవాయు యంత్రాలు లాక్టేట్ అనుకుని భారీ అంకె చూపిస్తాయి. అదే రక్తానికి వేరే పద్ధతిలో లాక్టేట్ తక్కువ వచ్చిందంటే, పొరపాటని కొట్టిపారేయకూడదు. రెంటి మధ్య తేడాయే ఆధారం. మూత్రాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించవచ్చు.

నమూనా తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు. సీసా నిండుగా నింపి మూత బిగించాలి. ఇథనాల్ విరుగుడు మొదలుపెట్టక ముందే రక్తం తీసి, తీసిన సమయం దానిపై రాయాలి.