వాన లేని దేశంలో పంట లెక్క

ఆఫ్రికా ఖండంలో ఈజిప్టు అనే దేశం ఉంది. అది ఎడారి దేశం. అక్కడ వానలు పడేది చాలా తక్కువ. రాజధాని కైరోలో ఏడాది మొత్తం కురిసే వాన 25 మిల్లీమీటర్లు. అంటే ఒక్క అంగుళం. మన దగ్గర ఒక గట్టి వాన పడితే అంతకంటే ఎక్కువే కురుస్తుంది గదా!

అయినా అక్కడ గోధుమ పండుతుంది. వరి, పత్తి, మొక్కజొన్న, చెరకు పండుతాయి. 10 కోట్లకు పైగా జనం బతుకుతున్నారు. ఎలా? నైలు నది వల్ల. ఆ దేశంలో నూటికి 95 పాళ్ళు ఎడారే. నది పక్కన, కాలువల కింద ఉన్న కాస్త నేల మీదే దాదాపు అందరూ ఉంటారు.

వాన ఒకచోట, పంట ఒకచోట

వాన లేనప్పుడు నైలు నదికి నీళ్ళు ఎక్కడివి? ఎగువన ఇథియోపియా దేశం ఉంది. అక్కడ ఎత్తయిన కొండలున్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ కొండల మీద వానలు కురుస్తాయి. ఈజిప్టుకు చేరే నైలు నీళ్ళలో నూటికి 85 పాళ్ళు అక్కడివే. ఈజిప్టు రైతు తన నెత్తి మీద మబ్బు కోసం చూస్తే ఏం లాభం? ఎక్కడో దూరాన కొండల మీద వాన సంగతి తెలియాలి.

మూరలతో కొలిచిన నది

పూర్వం ఈ సంగతి ఎలా తెలుసుకునేవారు? నది మట్టం కొలిచేవారు. కైరోలో రోడా అనే లంక ఉంది. అక్కడ 861వ సంవత్సరంలో బావిలాంటి కట్టడం కట్టారు. నది నీళ్ళు సొరంగాల గుండా అందులోకి వచ్చేవి. మధ్యలో ఎనిమిది పలకల రాతి స్తంభం. దాని మీద మూరల గుర్తులు. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. మనం పూలదండ కొలిచే మూర లాంటిదే.

నీళ్ళు 16 మూరలు వస్తే పంటకు చాలునని లెక్క. అప్పుడు రైతులు శిస్తు కట్టాలి. బాగా తక్కువ వస్తే కరువు. మరీ ఎక్కువ వస్తే గట్లు తెగేవి. 1200వ సంవత్సరంలో నీళ్ళు 13 మూరలు కూడా రాలేదు. ఆ తర్వాత ఘోరమైన కరువు వచ్చింది. అబ్దుల్ లతీఫ్ అనే వైద్యుడు ఆ ఆకలి చావులను కళ్ళారా చూసి రాసిపెట్టాడు.

ఆనకట్ట వచ్చాక

1960లో అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట పని మొదలైంది. 1970లో పూర్తయింది. దాని వెనక సుమారు 500 కిలోమీటర్ల పొడవున నీళ్ళు నిలిచాయి. ఇప్పుడు కొలిచేది ఆ జలాశయం మట్టం.

1983 నుంచి 1985 దాకా ఇథియోపియాలో పెద్ద కరువు వచ్చింది. అక్కడ లక్షల మంది చనిపోయారు. ఈజిప్టును నిల్వ నీళ్ళు ఆదుకున్నాయి. కానీ మట్టం ఏటా దిగిపోతూ వచ్చింది. 1988 నాటికి అందరికీ గుబులు పట్టుకుంది. అదృష్టం కొద్దీ ఆ ఏడు ఎగువన వానలు బాగా పడ్డాయి. జలాశయం తేరుకుంది.

2011లో ఇథియోపియా కూడా నైలు మీద ఆనకట్ట మొదలుపెట్టింది. 2025లో దాన్ని ప్రారంభించింది. ఎప్పుడు ఎన్ని నీళ్ళు వదులుతారో ముందే చెప్పమని ఈజిప్టు అడుగుతూ వచ్చింది. మా ఇళ్ళకూ కరెంటు కావాలి గదా అని ఇథియోపియా మాట. ఇద్దరిదీ అవసరమే.

నెలనెలా చూపు

నవంబరులో గోధుమ చల్లుతారు. ఏప్రిల్, మే నెలల్లో కోస్తారు. గేదెల మేతకు బర్సీం వేస్తారు. మార్చి, ఏప్రిల్‌లో పత్తి విత్తుతారు. వేసవిలో వరి. మన రైతులు కార్తెలు చూసినట్లే అక్కడి రైతులు పాత పంచాంగం నెలలు చూస్తారు. తూబా నెల అంటే చలి. అమ్షీర్ నెల అంటే గాలులు.

గోధుమ గింజ పాలు పోసుకునేటప్పుడే ఒక భయం ఉంది. ఎడారి నుంచి ఖమ్సీన్ అనే వేడిగాలి దుమ్ముతో వీస్తుంది. దానికి గింజ ముడుచుకుపోతుంది. తడి నేలలో గాలికి పైరు పడిపోతుంది కూడా. అందుకే గాలి వస్తుందని తెలిస్తే ఆ రోజు తడి పెట్టకపోవడం మంచిది.

కాలువ చివరి పొలం

కాలువ నీళ్ళు వంతుల ప్రకారం వదులుతారు. చివరి పొలాలకు సరిగా అందవు. అక్కడి రైతులు మురుగు కాలువ నీళ్ళు తోడుకుంటారు. ఆ నీళ్ళలో ఉప్పు ఉంటుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు నేలలో మిగులుతుంది. కడిగేందుకు వాన లేదు. నేల మీద తెల్లటి పొర కనిపించినా, ఆకు కొసలు మాడినా ఉప్పు చేరిందేమోనని చూసుకోవాలి. అందుకని చాలా చోట్ల భూమిలో చిల్లుల గొట్టాలు వేసి మురుగు తీశారు.

వరి మడిలో నీళ్ళు నిలిస్తే ఉప్పు కిందికి దిగుతుంది. కానీ వరికి నీళ్ళు ఎక్కువ కావాలి. అందుకే ఎంత నేలలో వరి వేయాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

రొట్టె లెక్క

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు పొలాల పచ్చదనాన్ని ఫోటోలు తీస్తాయి. పైరు ఎక్కడ బాగుందో, ఎక్కడ వాడిందో వాటిలో తెలుస్తుంది. దాన్నిబట్టి పంట ఎంత రావచ్చో అంచనా వేస్తారు.

ఈ అంచనా ఎందుకు? ఈజిప్టు పంట ఈజిప్టుకు చాలదు. గోధుమ బయట కొనాలి. అక్కడ రొట్టెను 'ఐష్' అంటారు. ఆ మాటకు బతుకు అని అర్థం. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఈజిప్టు ఎక్కువ గోధుమ కొనేది ఆ రెండు దేశాల దగ్గరే. ధరలు మండిపోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం ఇచ్చే చౌక రొట్టె ధర 5 పియాస్టర్ల నుంచి 20 పియాస్టర్లకు పెరిగింది. అంటే నాలుగింతలు. ఆ బరువు ఇల్లు నడిపే ఆడవాళ్ళ మీదే ముందు పడుతుంది. ఇంట్లో ఎంత పండుతుందో ముందే తెలిస్తే బయట ఎంత కొనాలో ముందే చూసుకోవచ్చు.

ఆలోచించండి

మన కృష్ణా నదికి వచ్చే నీళ్ళు కూడా చాలా వరకు మహారాష్ట్ర, కర్ణాటకలో కురిసిన వానే. శ్రీశైలం, నాగార్జునసాగర్ నీటిమట్టాలు వానాకాలంలో పేపర్లో వేస్తారు.

1. మీ పొలానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?
2. మీ కాలువలో గాని, చెరువులో గాని నీటిమట్టం అంకెలు ఎక్కడ రాసి ఉన్నాయి? వెళ్ళి చదవండి.
3. నీళ్ళు తక్కువని ముందే తెలిస్తే ఏ పంట వేస్తారు? పదిమందీ కూర్చుని మాట్లాడుకోండి.