ఇసుక మేట పోయాక కూడా చుట్టుదారేనా?

విశాఖ ఓడరేవుకు వచ్చే ఓడకు దారి చూపి లోపలికి తెచ్చేవాడు పైలట్. దారిలో ఒకచోట ఇసుక మేట వేసిందనుకోండి. అతడు ఓడను పక్కనుంచి తిప్పి తెస్తాడు. తర్వాత డ్రెడ్జరు వచ్చి ఆ మేటను తవ్వేసింది. ఇంకా ప్రతి ఓడా చుట్టు తిరిగే రావాలా? అక్కరలేదు కదా!

కంప్యూటర్లలోనూ ఇలాంటి చిక్కే వస్తుంది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. అదీ ఒక ప్రోగ్రామే, రాసింది మనుషులే. కనుక అందులోనూ తప్పులు దొర్లుతాయి. అప్పుడు మనం సరిగా రాసినా యంత్రం తప్పుగా నడుస్తుంది. దాన్ని తప్పించుకునే తాత్కాలిక ఉపాయమే ఇక్కడి చుట్టుదారి.

ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున పనిచేసే లినక్స్ సంగతి చూడండి. జీసీసీ అనే కంపైలర్ ఒక రకం ఆదేశాన్ని తప్పుగా మారుస్తున్నట్లు 2024 ఫిబ్రవరిలో బయటపడింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఆదేశం వెనుకే ఒక ఖాళీ ఆదేశాన్ని చేర్చారు. అది తానుగా ఏ పనీ చేయదు; కంపైలర్ అక్కడ పొరబడకుండా అడ్డుపడుతుంది, అంతే. అసలు కారణం అప్పటికి తేలలేదు కనుక, అన్ని జీసీసీ వెర్షన్లకూ అదే ఏర్పాటు.

కొద్ది రోజుల్లోనే జీసీసీ నిపుణుడు జాకుబ్ యెలినెక్ లోపాన్ని పట్టుకుని సరిదిద్దారు. వెంటనే టోర్వాల్డ్స్ చుట్టుదారిని లోపమున్న పాత వెర్షన్లకే పరిమితం చేశారు.

ఎందుకంటారా? చుట్టుదారి ఉన్నచోట కంపైలర్ ఆదేశాలను పొదుపుగా అమర్చలేదు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. హద్దు రాయకపోతే, పదేళ్ల తర్వాత చూసేవారికి అది ఎందుకుందో తెలియదు, తీసేయడానికి జంకుతారు. హద్దు రాసి ఉంటే, పాత వెర్షన్ల వాడకం పోయిననాడు నిశ్చింతగా చెరిపేయవచ్చు.

హద్దు గీయడంలోనూ ఒక తమాషా ఉంది. లోపం తొలగిన వెర్షన్లు 11.5, 12.4, 13.3. వెర్షన్ 14 విడుదలైనప్పటినుంచీ సరైనదే. మరి "11.5 దాటితే చాలు" అందామా? 12.1 దానికంటే పెద్దదే, కాని అందులో లోపం ఉంది! అందుకే ఒక్కో వరుసకు ఒక్కో హద్దు పెట్టారు.

ఇప్పుడు మీరే చెప్పండి. 11.4, 12.4, 13.2, 14.1 — వీటిలో చుట్టుదారి అవసరమైనవి ఏవి?

(జవాబు: 11.4, 13.2)